నవంబర్‌లో జపాన్: మాచా తీపి ఎక్కడ తినాలి, ఏది వదిలేయాలి

మీరు అడిగింది ఇదీ: నవంబర్ మూడో వారంలో అమ్మానాన్నలతో ఎనిమిది రోజులు టోక్యో, క్యోటో వెళ్తున్నారు. మాచాతో చేసే తీపి పదార్థాలు ఎక్కడ బాగుంటాయో తెలియాలి. అమ్మగారు గుడ్డు కూడా ముట్టని శాకాహారి. నాన్నగారికి షుగర్.

అన్నిటికంటే ముందు ఒక్క విషయం. అందంగా ఫొటోలు పెట్టే కేఫ్‌ల వెంట పడకండి. టీ పొడి అమ్మడమే తరతరాల వృత్తిగా ఉన్న కొట్లు క్యోటో చుట్టుపక్కల చాలా ఉన్నాయి. వాళ్ళే కొట్టు వెనకో పక్కనో ఫలహారశాల నడుపుతారు. మాచా తీపి తినాల్సింది అక్కడే. మాచా అంటే టీ ఆకు పొడే కదా అనుకుంటాం గానీ, అది మన కాఫీ పొడి కంటే సున్నితం. కోతకు ముందు సుమారు మూడు వారాలు తోటకి పందిరి వేసి నీడలో పెంచుతారు. కోసిన ఆకుని ఆవిరి పట్టి, నలపకుండా ఆరబెట్టి, ఈనెలూ కాడలూ తీసేసి రాతి తిరగలిలో విసురుతారు. ఆ తిరగలి గంటసేపు తిరిగితే రాలేది దాదాపు 40 గ్రాములు. తొందరపడి వేగంగా తిప్పితే రాయి వేడెక్కి వాసన పోతుంది. విసిరాక వెలుతురు, వేడి, తేమ, గాలి ఏది తగిలినా పచ్చదనం తగ్గిపోతుంది. అందుకే పొడి కొట్టువాళ్ళ దగ్గర ఉన్నంత తాజాగా ఇంకెక్కడా ఉండదు. ఐస్‌క్రీమ్‌లో పాలూ చక్కెరా మింగేయకుండా నిలబడే ఘాటైన పొడి ఏది, జెల్లీలోకి చేదు తక్కువున్నది ఏది అని ఎంచి కలిపే మనిషి కూడా వాళ్ళ ఇంట్లోనే ఉంటాడు.

మీరు వెళ్ళే నెల కూడా మంచిదే. మే మొదట్లో కోసిన ఆకుని పూర్వం జాడీల్లో మూసి ఎండాకాలమంతా అలాగే ఉంచి, నవంబర్‌లో సీలు తీసేవాళ్ళు. టీ గోష్ఠుల వాళ్ళకి ఇది కొత్త సంవత్సరం లాంటిది. అప్పటికి ఆకులో పచ్చి వాసన తగ్గి రుచి కుదురుకుంటుంది. చిక్కల్లా ఒక్కటే: ఎర్రబారిన మేపుల్ ఆకులు చూడటానికి జపాన్ దేశమంతా ఆ రోజుల్లోనే క్యోటోకి వస్తుంది. శని, ఆదివారాల్లో పేరున్న చోట గంట, గంటన్నర నిలబడాలి. కాబట్టి టీ కొట్లకి పేరున్న పక్క ఊరు ఉజికి ప్రయాణం మంగళ, బుధ, గురువారాల్లో పెట్టుకోండి.

మీ ఎనిమిది రోజుల్లో ఒక పూట కచ్చితంగా ఉజికి ఇవ్వండి. క్యోటోకి దక్షిణాన నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు. క్యోటో స్టేషన్‌లో జేఆర్ నారా లైన్ ఎక్కితే మియాకోజి రాపిడ్ రైలు 17 నిమిషాల్లో దింపుతుంది, లోకల్ అయితే అరగంట లోపు. ఎర్ర తోరణాల వరస ఉన్న ఫుషిమి ఇనారి గుడి కూడా ఇదే లైన్‌లో ఉంది కానీ ఆ ఇనారి స్టేషన్లో రాపిడ్ ఆగదు, లోకలే ఎక్కాలి. రెండూ ఒకే రోజు చూడాలంటే తెల్లవారగానే ఇనారి, తర్వాత ఉజి. మీ హోటల్ గియోన్ వైపు ఉంటే కేహాన్ లైన్‌లో చుషోజిమా దాకా వెళ్ళి అక్కడ ఉజి రైలు మారండి. జేఆర్‌ది ఒకటి, కేహాన్‌ది ఒకటి, ఈ రెండు ఉజి స్టేషన్లూ నదికి చెరో పక్క ఉన్నాయి. మధ్యలో వంతెన, నడక పది పన్నెండు నిమిషాలు. ఒకదాంట్లో దిగి మరోదాంట్లో ఎక్కితే వెనక్కి నడిచే పని తప్పుతుంది, పెద్దవాళ్ళకి అదే సుఖం.

ఉజిలో వేళ తప్పితే అంతా తప్పుతుంది. కొట్లు పదింటికి తెరుస్తారు, ఆఖరి ఆర్డర్ సాయంత్రం నాలుగున్నర, అయిదుకే. మధ్యాహ్నం రెండింటికి దిగినవాళ్ళు వరసలో నిలబడే వెనక్కి వస్తారు. తొమ్మిది లోపే దిగి ముందు బ్యోదోఇన్ గుడి చూసేయండి. 1053లో కట్టిన ఆ ఫీనిక్స్ మందిరమే జపాన్ పది యెన్‌ల నాణెం మీద ఉన్న బొమ్మ. అది చూసుకుని పదింటికల్లా జేఆర్ స్టేషన్ దగ్గరున్న నకమురా తోకిచి హోన్‌తెన్ ముందు ఉండేలా చూసుకోండి. 1854 నాటి కొట్టు. లోపల పెరట్లో పడవ ఆకారంలో పెంచిన ముసలి పైన్ చెట్టు ఉంటుంది, ఎదురుచూసేటప్పుడు దాని దగ్గరికి వెళ్ళండి. జనం ఎక్కువుంటే ముందు నంబర్ చీటీ తీసుకోవాలి. ఇది తెలియక ఊరికే వరసలో నిలబడి, తీరా గుమ్మం దాకా వెళ్ళాక వెనక్కి పంపబడేవాళ్ళు ఎందరో. వెళ్ళగానే చీటీ ఎక్కడ ఇస్తారో అడగండి.

అక్కడ పేరుపడ్డది నామాచా జెల్లీ. కోసిన వెదురు గొట్టంలో తెస్తారు. ముదురాకుపచ్చ జెల్లీ ముక్కలు, పైన మాచా ఐస్‌క్రీమ్, ఉడికించి తీపి పట్టించిన ఎర్ర అజుకి గింజలు, షిరతమ అనే తెల్లటి బియ్యప్పిండి ఉండలు. ఒక్కో వస్తువుని విడిగా తినకండి. జెల్లీలో తీపి తక్కువ, టీ చేదు ఎక్కువ. అజుకి మన పూర్ణం బూరెలో పూర్ణానికి దగ్గరి రుచి, తీపి మాత్రమే. ఉండకి ఏ రుచీ లేదు, నమలడానికి ఉంది అంతే. ఈ మూడూ ఒకే చెంచాలో పడితేనే ఆ వంటకం అర్థమవుతుంది. చేదు ముందొచ్చి, తీపి దాన్ని కప్పి, మింగాక మళ్ళీ టీ వాసన గొంతులోంచి పైకొస్తుంది. ఐస్‌క్రీమ్ మాత్రం రెండు నిమిషాలు ఆగి తినండి. గడ్డకట్టి ఉన్నప్పుడు నాలుక మొద్దుబారి సగం రుచి తెలియదు.

ఇక్కడ అమ్మగారి సంగతి చెప్పాలి, ఎందుకంటే అసలు జాగ్రత్త పడాల్సింది జెల్లీ దగ్గరే. జపాన్‌లో జెల్లీని ముఖ్యంగా రెండు రకాల పదార్థాలతో గట్టిపరుస్తారు. ఒకటి కాంతెన్, అంటే సముద్రపు నాచు నుంచి తీసిన అగర్, మన ఇళ్ళలో చైనా గ్రాస్ అనేది. రెండోది జెలటిన్, జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది. చెంచాతో కోస్తే కాంతెన్ అంచు కత్తితో కోసినట్టు తెగుతుంది, నోట్లో కరగదు, పంటికింద విరుగుతుంది. జెలటిన్ వణుకుతూ ఉండి నోటి వేడికే నీరవుతుంది. ఇది తినేటప్పుడు తెలిసేది, తినకముందు అడగాల్సిందే: "జెరాచిన్ హైత్తె ఇమస్ కా?" అంటే జెలటిన్ కలిసిందా అని. గుడ్డుకి "తమాగో హైత్తె ఇమస్ కా?". ఒట్టి "వెజిటేరియన్" అంటే చాలామందికి మాంసం ముక్కలు లేనిది అనే అర్థమవుతుంది, జెలటిన్ సంగతి తట్టదు. "అరెరుగీ" అనండి, అలర్జీ అన్నమాట. వెంటనే పదార్థాల పట్టిక తెచ్చి చూపించే కొట్లు చాలా ఉన్నాయి. ఇందులో ఒక మెలిక ఉంది. ప్యాకెట్ల మీద తప్పనిసరిగా రాయాల్సిన అలర్జీ పదార్థాల్లో గుడ్డు ఉంది, జెలటిన్ లేదు. అది రాస్తే మంచిది అన్న జాబితాలోనే ఉంది. అందుకని పట్టికలో గుడ్డు గడి ఖాళీగా ఉంటే నమ్మవచ్చు. జెలటిన్ గడే లేకపోతే, అందులో జెలటిన్ లేదని కాదు, మళ్ళీ అడగాలి.

గుడ్డు, జెలటిన్ రెండూ లేకుండా అమ్మగారు హాయిగా తినగలిగేవి పాతకాలపు జపాన్ తీపి పదార్థాల్లో ఎక్కువ. వరాబి మోచి అందులో మొదటిది. ఒక రకం ఫెర్న్ వేరు నుంచి తీసిన పిండిని నీళ్ళూ చక్కెరా వేసి తిప్పుతూ ఉడికిస్తే మన తాటిముంజె కంటే మెత్తగా, జారుతూ తయారవుతుంది. మాచా కలిపినదీ దొరుకుతుంది. పైన వేయించిన సోయా పిండి లేదా మాచా పొడి జల్లి, నల్లబెల్లం పాకం పక్కన ఇస్తారు. పాకం ఒక్కసారిగా పోసేస్తే పిండి ముద్దకట్టి కారిపోతుంది, ముక్క ముక్కకీ కొంచెం అద్దుకోవాలి. పిండి జల్లిన ముక్కని నోటి దగ్గర పెట్టుకుని గట్టిగా ఊపిరి పీల్చకూడదు, పొడి గొంతులోకి పోయి పొలమారుతుంది. తర్వాత జెన్‌జాయ్. వేడి అజుకి పాయసంలో కాల్చిన మోచి (దంచిన జిగురు బియ్యం ముద్ద), మాచా కలిపి పోసినది. నవంబర్ చలికి దీన్ని మించింది లేదు. అన్‌మిత్సు కూడా అడగవచ్చు. కాంతెన్ ముక్కలు, అజుకి, పండ్లు, పాకంతో ఇస్తారు, ఐస్‌క్రీమ్ వద్దంటే తీసేసి తెస్తారు. యోకాన్ అజుకి, చక్కెర, కాంతెన్‌తో చేసే గట్టి హల్వా, మాచా రకం తప్పక ఉంటుంది.

వద్దనుకోవాల్సినవి: కస్తెలా అనే స్పాంజి కేకు, రోల్ కేక్, దొరయాకి అనే అజుకి పెట్టిన పాన్‌కేక్, చీజ్‌కేక్ అన్నిట్లో గుడ్డు ఉంటుంది. బవరోవా, మూస్, పన్నాకోటా అనే మెత్తటి క్రీమ్ తీపి పదార్థాల్లో జెలటిన్ దాదాపు ఖాయం. మాచా ఐస్‌క్రీమ్‌లో పచ్చసొన వేసేవాళ్ళూ ఉన్నారు, వేయనివాళ్ళూ ఉన్నారు, కొట్టు కొట్టుకీ అడగాలి. ఇవే కొట్లలో భోజనానికి మాచా సోబా అని ఆకుపచ్చ నూడుల్స్ ఇస్తారు. దాని పులుసు ఎండు చేపతో కాచింది, చల్లటి రకంతో ఇచ్చే సాస్ కూడా అంతే. చూడ్డానికి ఒట్టి నూడుల్స్‌లా ఉండి మనవాళ్ళు ఎక్కువగా మోసపోయేది దీని దగ్గరే.

నాన్నగారికి పార్ఫే, అంటే గ్లాసులో పొరలుగా పేర్చిన ఐస్‌క్రీమ్, వద్దు. ఉజిలోనే నది ఒడ్డున తాయ్‌హోఆన్ అని ఊరి పురపాలక సంఘం నడిపే టీ గృహం ఉంది. పక్కనే ఉన్న పర్యాటక కార్యాలయంలో చీటీ కొనుక్కుని వెళ్తే, ముందుగా బుక్ చేసుకోనక్కర్లేదు, అప్పటికప్పుడు చిలికిన మాచా ఒక గిన్నె, ఆ కాలానికి తగ్గ చిన్న తీపి ఒకటి ఇస్తారు. పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా. తీపి రెండు మూడు కాట్ల సైజులో ఉంటుంది, సగం ఆయన తిని సగం మీకు ఇచ్చినా ఏమీ లోటు కాదు. పద్ధతి ఏమిటంటే తీపిని ముందే పూర్తిగా తినేసి తర్వాత టీ తాగాలి. తీపి నిలిచిన నాలుక మీద చక్కెర లేని మాచా పడుతుంది. ఒక ముక్క, ఒక గుటక అని మార్చి మార్చి తాగితే ఆ తేడా తెలియదు. ఆ గిన్నెలో రెండు గ్రాముల పొడి ఉంటుంది. అంటే సుమారు 64 మిల్లీగ్రాముల కెఫీన్, వంద మిల్లీలీటర్ల కాఫీలో ఉన్నంత. రోజుకి మూడు చోట్ల తిరిగి తాగితే రాత్రి నిద్ర పట్టదు. సాయంత్రం నాలుగు దాటాక హోజిచాకి మారండి. కాల్చిన టీ ఆకు అది, కెఫీన్ తక్కువ, చేదు తక్కువ, వేయించిన గింజల వాసన. హోజిచా ఐస్‌క్రీమ్, హోజిచా పుడ్డింగ్ మాచా నచ్చని వాళ్ళకి కూడా నచ్చుతాయి.

పెద్దవాళ్ళతో ఇంకో జాగ్రత్త: మోచి, షిరతమ గొంతుకి అడ్డుపడే ప్రమాదం నిజంగా ఉంది. చిన్న ముక్కలు చేసి, బాగా నమిలి, పక్కన టీ పెట్టుకుని తినమనండి.

ఉజిలో ఇంకా టైమ్ ఉంటే కేహాన్ స్టేషన్ వైపు వెళ్ళండి. వంతెన తూర్పు చివర త్సూయెన్ ఉంది. 1160 నుంచి టీ అమ్ముతున్న ఇల్లు, ఇప్పుడున్న చెక్క భవనం 1672 నాటిది. నదిని చూస్తూ కూర్చుని మాచా తాగడానికి ఉజిలో ఇంతకు మించిన చోటు లేదు. అక్కడి నుంచి అయిదు నిమిషాలు నడిస్తే ఇతో క్యూఎమోన్ అసలు కొట్టు, 1832 నాటిది. కాలానికో రకం పార్ఫే మారుస్తారు. బ్యోదోఇన్ ముందు వీధిలో కనబడే ప్రతి సాఫ్ట్‌క్రీమ్ దగ్గరా ఆగాలనిపిస్తుంది. ఒకటే తినండి. ఒక్క పూటలో మనిషికి రెండు తీపి పదార్థాలు దాటితే మూడోదానికి నాలుక చచ్చిపోతుంది, అంత దూరం వెళ్ళి అది వృథా. చాలా కొట్లలో కూర్చునే ప్రతి మనిషీ ఏదో ఒకటి ఆర్డర్ చేయాలన్న నియమం ఉంది. అలాంటప్పుడు నాన్నగారికి చక్కెర లేని మాచా ఒకటి చెప్పి, తీపి మీరిద్దరూ చెరొకటి తీసుకోండి.

ఉజికి వెళ్ళే వీలే లేకపోతే క్యోటో నగరంలోనే తినవచ్చు. నకమురా తోకిచికి క్యోటో స్టేషన్‌ని ఆనుకుని శాఖ ఉంది. గియోన్‌లో షిజో వీధి మీద సర్యో త్సుజిరి 1978 నుంచి ఉంది. పొడవాటి గ్లాసులో కస్తెలా, ఐస్‌క్రీమ్, జెల్లీ, షిరతమ పొరలు పొరలుగా పేర్చిన పార్ఫేకి దాని పేరు. కస్తెలా ఉంటుంది కాబట్టి అది అమ్మగారికి కాదు, మీకు. పైనుంచి కిందికి వరసగా తింటే ఆఖర్న ఒట్టి జెల్లీ మిగులుతుంది. పొడవు చెంచాని మొదటే అడుగుదాకా దింపి కొంచెం జెల్లీ పైకి తెచ్చుకోండి. క్రీమ్ వెగటు కాకుండా ఆపేది అదే. క్యోటోలో అమ్మగారి కోసం నేను పంపేది ఉమెజొనోకి. 1927 నుంచి ఉన్న తీపి కొట్టు, మాచా వరాబి మోచి బాగుంటుంది. చేతితో చిలికిన టీ రుచే ముఖ్యమనుకుంటే తెరామాచి వీధిలో ఇప్పోదో, 1717 నాటిది. లోపలి కబోకు గదిలో టీకి తోడుగా తీపి ఒకటి ఇస్తారు. ఇక్కడ హడావిడి పడకూడదు, గంట ఉంచుకుని వెళ్ళాలి. ధరల అంచనా కోసం: సాఫ్ట్‌క్రీమ్ 500 యెన్‌ల అటూ ఇటూ, పార్ఫే 1,300 నుంచి 1,900 యెన్‌ల మధ్య. చిన్న కొట్లలో కార్డు తీసుకోకపోవచ్చు, చేతిలో నగదు ఉంచుకోండి.

టోక్యోలో ఒక్క చోటు చెప్పమంటే అసాకుసాలో సెన్‌సోజి గుడి వెనక సుజుకిఎన్. షిజుఒకా ప్రాంతం ఫుజిఎదాలోని టీ తయారీదారుల ననయాతో కలిసి చేసే మాచా జెలాటో ఒకటి నుంచి ఏడు దాకా నంబర్లతో ఉంటుంది, ఏడు అన్నిటికంటే ఘాటు. అందరూ సరాసరి ఏడు కొంటారు. రెండు స్కూపులు తీసుకుని మూడూ ఏడూ పక్కపక్కన పెట్టించుకోండి, మూడుని ముందు తినండి. ఏడు ముందు తింటే మూడు ఒట్టి పాలలా ఉంటుంది. మూడులో పాలు ముందు, ఏడులో టీ ముందు. ఈ ఒక్క పోలికతో తర్వాత క్యోటోలో ఏది మంచిదో మీకే తెలిసిపోతుంది కాబట్టి, దీన్ని ప్రయాణం మొదట్లోనే పెట్టుకోండి. కూర్చుని తినాలంటే గింజాలో కబుకి థియేటర్ భవనం అయిదో అంతస్తులో జుగెత్సుదో, గింజా సిక్స్‌లో నకమురా తోకిచి శాఖ ఉన్నాయి.

తెలియని కొట్టుకి వెళ్ళినప్పుడు రంగు చూసి పోల్చుకోవచ్చు. ఐస్‌క్రీమ్, జెల్లీ, పైన జల్లిన పొడి నిండు పచ్చగా ఉండాలి. పసుపు కలిసిన బూడిదాకుపచ్చగా, ఎండుగడ్డి వాసనతో ఉంటే పొడి పాతబడింది. మరీ మెరిసిపోయే ఆకుపచ్చ అయినా అనుమానించాలి. చౌక పొడుల్లో రంగు నిలవడానికి క్లోరెల్లా అనే నాచు పొడి కలుపుతారు, అలాంటిది తిన్నాక టీ రుచి మిగలదు, చక్కెరే మిగులుతుంది. కేకులూ బిస్కెట్లూ మాత్రం ఈ లెక్కలోకి రావు. ఓవెన్ వేడికి పచ్చరంగు ఎలాగూ విరుగుతుంది, మంచి పొడి వేసినా కాస్త గోధుమరంగు తిరుగుతుంది.

ఇంటికి తెచ్చుకునే సంగతి. వరాబి మోచి ఏ రోజుది ఆ రోజే. ఫ్రిజ్‌లో పెడితే పిండి బిగుసుకుని తెల్లబడి రబ్బరు అవుతుంది, కొనుక్కుని హోటల్‌కి తెచ్చి మర్నాడు తిందామనుకోకండి. యోకాన్ నెలల తరబడి నిలుస్తుంది. కాకపోతే మెత్తటి యోకాన్, జెల్లీ, పుడ్డింగ్ లాంటివి విమానంలో ద్రవం కింద లెక్కేస్తారు, పెద్ద సూట్‌కేస్‌లో పెట్టేయండి. క్యోటోలో నామా యాత్సుహాషి అని పలచటి బియ్యప్పిండి రొట్టెలో అజుకి మడిచి పెడతారు, మాచా రకం ఉంది, మామూలు రకాల్లో గుడ్డు ఉండదు. వారం పది రోజులు నిలుస్తుంది, డబ్బా మీద తేదీ చూసుకోండి. మాల్‌బ్రాంష్ వాళ్ళ చా నో కా, తెల్ల చాక్లెట్ పెట్టిన మాచా బిస్కెట్, బహుమతులకి బాగుంటుంది కానీ గుడ్డు ఉంది.

పొడి కొనాలంటే పొద్దున్నే వెళ్ళండి. 2024 చివరి నుంచి మాచాకి కొరత వచ్చి ఇప్పోదో, మరుక్యూ కొయామాఎన్ లాంటి కొట్లు మనిషికిన్ని డబ్బాలు అని పరిమితి పెట్టాయి, కొన్ని రకాలు మధ్యాహ్నానికే అయిపోతాయి. డబ్బాల మీద కనిపించే "సెరెమోనియల్ గ్రేడ్" జపాన్‌లో చట్టం నిర్ణయించిన తరగతి కాదు, అమ్మకానికి పెట్టిన మాట. తాగడానికా, తీపి చేయడానికా చెప్పండి, వాళ్ళే సరైనది ఇస్తారు. పాలు, చక్కెరతో కలపడానికి ఖరీదైనది దండగ, దాని సున్నితమైన తీపి వాటిలో కనబడదు. వందగ్రాముల డబ్బా కంటే 20, 30 గ్రాములవి రెండు నయం. తెరవని డబ్బా ఫ్రిజ్‌లో ఉంచండి. తెరిచాక నెలరోజుల్లో వాడేయండి. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే మూత తీయకూడదు. మన ఊళ్ళ ఉక్కకి చల్లటి పొడి మీద తేమ పట్టి గడ్డలు కడుతుంది, రెండు రోజుల్లో రంగు మారుతుంది. అరగంట బయట ఉంచి, డబ్బా చేతికి చల్లగా తగలకుండా అయ్యాక తెరిచి, కావలసినంత తీసుకుని జల్లించి వాడండి.